పేర్లు మీ దగ్గర, ముఖాలు మా దగ్గర

గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల కలెక్టర్లకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన కలెక్టర్ గార్లకు,

మీ నాలుగు జిల్లాల రికార్డు గదుల్లో గుడ్డమూటల్లో కట్టిపెట్టిన పాత పుస్తకాలున్నాయి. వాటిలో మా తాతముత్తాతల పేర్లున్నాయి. మా ఇళ్ళలో అటకల మీది ట్రంకుపెట్టెల్లో, గుమ్మాల పైన వాలుగా వేలాడే ఫ్రేముల్లో వాళ్ళ ముఖాలున్నాయి. ఏ ముఖం ఏ పేరుదో చెప్పగల మనిషి ఊరికి ఒకరో ఇద్దరో మిగిలారు. వాళ్ళలో ఎక్కువమంది ఎనభై దాటిన ముసలమ్మలు. పుస్తకాలు ఇంకో యాభై ఏళ్ళు ఆగుతాయేమో, ఫోటోలు ఇంకో ఇరవై ఏళ్ళు. ఆ ముసలమ్మలు అంతకాలం ఆగరు. అందుకే ఈ ఉత్తరం.

నలుగురికీ కలిపి ఎందుకు రాస్తున్నానంటే, మా ఊళ్ళు ఉన్నచోటే ఉన్నా కాగితాలు మాత్రం ప్రయాణాలు చేశాయి. చీరాలనే తీసుకోండి. 1904కి ముందు బాపట్ల తాలూకాతో పాటు కృష్ణా జిల్లాలో ఉండేది. 1904లో కొత్తగా ఏర్పడిన గుంటూరు జిల్లాకు వచ్చింది. 1970లో ఒంగోలు కేంద్రంగా పెట్టిన జిల్లాకు వెళ్ళింది. ఆ జిల్లాకే 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో చీరాల బాపట్ల జిల్లాలో చేరింది. ఒంగోలు తాలూకా సంగతి ఇంకోలా ఉంది. 1904 దాకా అది నెల్లూరు జిల్లాది. కాబట్టి చీరాల మనిషి ముత్తాత కాగితం కోసం మచిలీపట్నం వైపు చూడాలి, ఒంగోలు మనిషి నెల్లూరు వైపు చూడాలి. ఇంకా పాతది కావాలంటే ఇద్దరూ చెన్నై ఎగ్మూరులో 1909 నాటి మద్రాసు రికార్డు ఆఫీసు భవనానికి, అంటే ఇప్పటి తమిళనాడు ఆర్కైవ్స్‌కు పోవాలి. ఏ ఊరి ఏ ఏటి పుస్తకం ఇప్పుడు ఏ గదిలో ఉందో చెప్పే ఒక్క పట్టిక మీ నాలుగు కార్యాలయాల్లో ఏ గోడకైనా అంటించి ఉంటే నాకు కనిపించలేదు.

వేరే దేశాల్లో వంశం వెతుక్కునేవాళ్ళు మొదట జనాభా లెక్కల దగ్గరికి పోతారు. అమెరికాలో 72 ఏళ్ళు గడిస్తే ఇంటింటి వివరాలు జనానికి తెరుస్తారు. 1950 లెక్కలను 2022 ఏప్రిల్‌లో తెరిచారు. ఇంగ్లండ్‌లో వందేళ్ళ గడువు, అక్కడ 1921 నాటివి అదే ఏడాది జనవరిలో వచ్చాయి. మనకు ఆ దారి లేదు. 1948 జనాభా లెక్కల చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ వివరాలు చూసే హక్కు ఎవరికీ లేదు, ఎన్నేళ్ళు గడిచినా లేదు. అలాంటప్పుడు మాకు మిగిలింది ఏమిటి? రెవెన్యూ పుస్తకం, రిజిస్ట్రేషన్ దస్తావేజు, జనన మరణాల రిజిస్టరు, బడి అడ్మిషన్ రిజిస్టరు, చర్చి పుస్తకం. మీ చేతిలో ఉన్న ఈ పుస్తకాలే మా జనాభా లెక్కలు.

పని ఎలా సాగుతుందో కొంచెం చెప్పనివ్వండి, అడిగేది ఎందుకు అడుగుతున్నానో అప్పుడు తెలుస్తుంది.

మా వైపు పెద్దకొడుక్కి తాత పేరు పెడతారు. సుబ్బయ్య కొడుకు వెంకయ్య, వెంకయ్య కొడుకు సుబ్బయ్య, ఆ సుబ్బయ్యకు మళ్ళీ వెంకయ్య. నలుగురన్నదమ్ములుంటే నలుగురి ఇళ్ళలోనూ ఒక్కో వెంకయ్య. ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో, ఒకే కాలంలో ముగ్గురు వెంకయ్యలుంటే మనం వెతికేది ఎవరినో పేరు చెప్పదు, పొలం చెబుతుంది. సర్వే నంబరు, తూర్పు దక్షిణ పడమర ఉత్తర హద్దులు, హద్దుల్లో ఉన్న పొరుగువాళ్ళ పేర్లు చూస్తూ పోతే ఒక్కొక్క వెంకయ్య విడిపోతాడు. ఇక ఏళ్ళ సంగతి. పాత లెక్కలన్నీ ఫసలీల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఇళ్ళలో వాళ్ళు చెప్పే లెక్క మరొకటి. బహుధాన్యలో పుట్టింది అంటారు. అది 1878 కావచ్చు, 1938 కావచ్చు, మనిషిని బట్టి తేల్చుకోవాలి. బడి రిజిస్టర్ల సంగతి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. అరవై దాటిన వాళ్ళలో సగం మంది జులై 1న పుట్టారు, అది పంతులుగారి దయ.

ఎంత వెనక్కి పోగలం? 1858లో మద్రాసు ప్రెసిడెన్సీలో ఇనాం కమిషన్ పెట్టారు. ఊరూరా మాన్యాలన్నీ తనిఖీ చేసి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లు రాశారు. మాన్యం మొదట ఎవరిచ్చారు, ఎవరికిచ్చారు, ఇప్పుడు అనుభవిస్తున్నది ఎవరు, అతని వయసెంత, మొదటివాడికి ఇతను ఏమవుతాడు అని గళ్ళు గీసి నింపారు. భూమిశిస్తు కోసం రాసుకున్నారు గానీ అవి అచ్చమైన వంశ పుస్తకాలు. బ్రాహ్మణుల అగ్రహారాలూ గుడి మాన్యాలే కాదు, కుమ్మరి, చాకలి, మంగలి, వెట్టి మాన్యాలూ వాటిలో ఉన్నాయి. ఒక చాకలి కుటుంబానికి 1860ల నాటి పూర్వీకుడి పేరు, వయసు దొరికే చోటు ఇంకెక్కడా నాకు తెలియదు. అలాంటి పుస్తకం ఇవాళ ఎందుకు బయటికొస్తోంది? ఎవరైనా భూమి కేసు వేస్తే, వాళ్ళ లాయరు అడిగితే. అప్పుడు కూడా ఆ ఒక్క పేజీ నకలు ఇస్తారు.

అంతకుముందువి మెకంజీ కైఫియత్తులు. కల్నల్ కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరా కరణాల దగ్గరున్న కవిలెలు చూసి రాయించారు. తర్వాత సి.పి. బ్రౌన్ నకళ్ళు తీయించాడు. గుంటూరు ప్రాంతం గ్రామ కైఫియత్తులు పుస్తకాలుగా అచ్చయ్యాయి కూడా. ఊరు ఎలా పుట్టింది, గుడి ఎవరు కట్టారు, కరణీకం ఎవరిది అన్నవి ఉంటాయి. చెప్పింది కరణం గనుక కరణం గారి వంశం నిండుగా ఉంటుంది, ఊళ్ళో మిగతావాళ్ళు లోకువగా కనిపిస్తారు. ఆ తర్వాత వచ్చింది 1832–33 నందన కరువు, జనం డొక్కల కరువన్నది అదే. గుంటూరు జిల్లాలో ఉన్న 5 లక్షల మందిలో 2 లక్షల మంది పోయారని అంచనా. ఆ కరువుకు అవతలి ఒడ్డున తమ మనిషి పేరు చూపించగలిగిన రైతు కుటుంబం నాకింతవరకూ తారసపడలేదు. కాకతీయుల సేనానితో మొదలై నేరుగా ఇప్పటి కాంట్రాక్టరు దగ్గర తేలే కుల చరిత్ర పుస్తకాలు మాత్రం బోలెడు తారసపడ్డాయి. వాటిలో ఏడువందల ఏళ్ళ కిందటి దండనాయకుడు ఉంటాడు, రాసినాయన ముత్తవ్వ పేరుండదు.

ముత్తవ్వల దగ్గరే ఈ పని చిక్కుపడుతుంది. పట్టాలో ఆమె పేరుండదు, శిస్తు కట్టేది మగవాడు. జనన రిజిస్టర్లో తండ్రి పేరుంటుంది. ఓటరు జాబితాలో ఫలానావారి భార్య. 1951–52 మొదటి ఎన్నికల్లో సొంత పేరు చెప్పకుండా ఫలానా వారి భార్యను, కూతురును అన్నందుకు దేశంలో దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ళ పేర్లు జాబితాల నుంచి తీసేశారు. వాళ్ళలో ఎక్కువమంది ఉత్తరాదివాళ్ళు. మనవాళ్ళు పేరు చెప్పారు, కానీ ఇంటిపేరు మారిపోయింది. పెళ్ళితో ఇంటిపేరు మారిన ఆడమనిషి పుట్టింటి పుస్తకంలోంచి మాయమవుతుంది, అత్తింటి పుస్తకంలో తల్లీ తండ్రీ లేని మనిషిగా తేలుతుంది.

ఆడవాళ్ళు కనిపించేది దస్తావేజుల్లో. కూతురికి పసుపుకుంకుమల కింద రెండెకరాలు రాసినప్పుడు ఆమె పేరు, తండ్రి ఊరు, మొగుడి ఊరు మూడూ ఒకే కాగితం మీదికొస్తాయి. దత్తత తీసుకున్నప్పుడు పెంచుకునే తల్లి పేరు వస్తుంది. మొగుడు పోయి మరుదులతో పడనప్పుడు మనోవర్తి దస్తావేజు పుడుతుంది. మా నాయనమ్మ తల్లి మాకు దొరికింది అలాంటి కాగితంలోనే. అంతకుముందు ఆమె మా ఇంట్లో పర్చూరు అవ్వ, అంతే. ఏడాదికి ఇన్ని బస్తాల జొన్నలు, రెండు జతల చీరలు, ఉండటానికి పడమటింట్లో ఒక గది అని రాయించుకుని కింద నిశానీ పెట్టింది. ఆ దస్తావేజు మొదటి పేరాలో ఆమె పేరుంది, ఆమె తండ్రి పేరుంది, ఆయన ఇంటిపేరుంది, ఊరుంది. మగవాళ్ళ చరిత్ర కలిసొచ్చిన ఏళ్ళలో రాశారు, ఆడవాళ్ళ చరిత్ర తగాదా వచ్చిన ఏళ్ళలో రాశారు. 1985లో మన రాష్ట్రం ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కు ఇచ్చాక దస్తావేజుల్లో వాళ్ళ సంతకాలు బాగా పెరిగాయి. ఎక్కువ చోట్ల ఆ సంతకం ఆ హక్కును వదులుకుంటున్నట్టు పెట్టినదే అనుకోండి, అయినా పేరు మిగిలింది.

రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైటులో ఈసీ, అంటే ఆస్తి లావాదేవీల పత్రం, 1983 నుంచి వస్తుంది. అంతకు ముందువి పుస్తకాల్లో వెతకాలి. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే 1వ పుస్తకాన్నీ దాని సూచికలనూ ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు. జనన మరణాల రిజిస్టర్లో వెతికించుకునే హక్కు 1969 చట్టం 17వ సెక్షన్ ఎవరికైనా ఇస్తుంది. ఇరవై ఏళ్ళు దాటిన సంగతుల మీద సమాచారం ఇవ్వకుండా ఉండటానికి ఉన్న సాకులు చాలావరకు చెల్లవని సమాచార హక్కు చట్టం 8(3) చెబుతుంది. చట్టాలు ఇంత స్పష్టంగా ఉన్నాయి. కౌంటరు దగ్గర మాత్రం మొదటి ప్రశ్న “కేసేంటి?” అని. కేసేమీ లేదు, మా ముత్తాత పేరు కావాలి అంటే ఎదుటాయన మొహంలో అనుమానం మొదలవుతుంది. ఒక కార్యాలయంలో నన్ను ఏ ఆస్తి మీద కన్నేశావని అడిగారు. ఆ ఉద్యోగి తప్పు పట్టను. ఆస్తి కోసం కాకుండా ఆ పుస్తకం అడిగినవాణ్ణి ఆయన అంతకుముందు చూసి ఉండడు.

ఆయన భయంలో కొంత నిజం ఉందని మీరు కూడా అంటారు. పాత కాగితాలు తెరిస్తే పాత తగాదాలు లేస్తాయని. మన ప్రాంతంలో పాత తగాదాలకు కొదవేం లేదు. అమరావతి పాలించిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1816లో పోయాడు. ఆయన ఒకరి తర్వాత ఒకరిగా ఇద్దరిని దత్తత తీసుకున్నాడు. ఆ దత్తతల మీద వ్యాజ్యం సముద్రం దాటి లండన్ ప్రివీ కౌన్సిల్‌కు పోయి, మొదటి దత్తపుత్రుడు బతికుండగా రెండో దత్తత చెల్లదని 1846లో తేలింది. ఆ కేసు పేరు ‘రంగమ్మ వర్సెస్ అచ్చమ్మ’. జమీందారు కట్టించినవి, పడగొట్టినవి చెప్పేవాళ్ళు ఊరికొకరున్నారు. ఆ ఇంటి ఇద్దరాడవాళ్ళ పేర్లు మాత్రం నిలిచింది ఆ తీర్పు శీర్షికలో. ఆ తగాదాను పుట్టించింది రికార్డు కాదు, దాన్ని తేల్చింది రికార్డు. లిమిటేషన్ చట్టం ఉండగా వందేళ్ళ కిందటి పట్టా చూసి ఎవరూ మీ పొలంలో గట్టు వేయలేరు. పైగా దావా వేసేవాడికి లాయరున్నాడు, కాగితం ఎలాగూ సంపాదిస్తాడు. తలుపు మూస్తే ఆగిపోయేది పేరు కోసం వచ్చినవాడొక్కడే.

ఇప్పుడు ఫోటోల సంగతి. పుస్తకాల్లో లేని ఆడవాళ్ళు ఫోటోల్లో ఉన్నారు, పేరు లేకుండా ఉన్నారు. పత్తికి మంచి ధర పలికిన ఏడో, పొగాకు బ్యారన్ కట్టిన ఏడో బండి కట్టుకుని పట్నం వెళ్ళి స్టూడియోలో తీయించుకున్నవి. వెనక పరదా మీద గీసిన మేడమెట్లు, పక్కన బల్ల మీద పూలకుండీ. మగాయన కుర్చీలో, చేతిగడియారం కనపడేలా. ఆవిడ పక్కన నిలబడి, చేయి కుర్చీ వీపు మీద. ఫోటో అంటించిన అట్ట కింద అంచున స్టూడియో పేరు, ఊరు అచ్చువేసి ఉంటాయి. ఆ స్టూడియో ఏ ఏళ్ళలో నడిచిందో తెలిస్తే ఫోటో కాలం సగం తేలినట్టే. మిగతా సగం బుట్టచేతుల రవిక, వంకీ, కాసులపేరు, మగవాళ్ళ క్రాపు చెబుతాయి. బొట్టు లేకుండా తలమీద ముసుగుతో ఉన్న ఆవిడ ఎప్పుడు వితంతువైందో మరణాల రిజిస్టర్లో దొరికితే, ఆ ఫోటో అంతకు తర్వాతిదని తెలుస్తుంది. పుస్తకం, ఫోటో ఒకదాన్నొకటి సరిచూసుకోవడమంటే ఇదే.

ఫోటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని బతికుండగా తీయించుకోని వాళ్ళున్నారు. వాళ్ళు పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, దండ వేసి, చుట్టూ పిల్లలను నిలబెట్టి తీయించారు. ఆ మనిషికి అదొక్కటే ఫోటో. చూడటానికి కష్టంగా ఉంటుందని కొందరు చింపేస్తున్నారు. దయచేసి చింపకండి. ఆ ఫోటోలో ఇంటిల్లిపాదీ ఒకేచోట ఉంటారు, తేదీ కూడా దాదాపు ఖాయంగా దొరుకుతుంది. అలాంటి తేదీ పెళ్ళి ఫోటోకు కూడా దొరకదు.

తేదీ ఇచ్చే ఇంటికాగితాలు వేరే ఉన్నాయి. పెళ్ళి చదివింపుల పుస్తకం అన్నిటికన్నా విలువైంది. ఎవరు ఎంత చదివించారో, ఏ ఊరి నుంచి వచ్చారో వరసగా రాసి ఉంటుంది. అర్ధరూపాయి చదివించిన మనిషి ఎవరో తేలితే ఒక్కోసారి కొత్త కొమ్మే బయటపడుతుంది. పెద్దకర్మ కార్డులో కొడుకులు, అల్లుళ్ళు, మనవలు పెద్దరికం వరసన ఉంటారు. తద్దినం పెట్టించే పురోహితుడి దగ్గర మూడు తరాల పేర్లుంటాయి. అక్కడ తల్లి, నాయనమ్మ, నాయనమ్మ అత్తగారి పేర్లు కూడా చదవాలి గనుక ఆడవాళ్ళు మిగిలారు. గయలో, ప్రయాగలో పండాల పుస్తకాల్లో మన తాతల సంతకాలు ఉన్న ఇళ్ళూ ఉన్నాయి. హరిద్వార్ పండాల బహీలను అమెరికాలోని యూటా వంశావళి సంఘం 1970ల్లోనే మైక్రోఫిల్ముల మీదికి ఎక్కించడం మొదలుపెట్టింది.

ఇప్పటిదాకా చెప్పింది పొలం ఉన్నవాళ్ళ కథ. పల్లెల్లో సగం మందికి పొలం లేదు, పట్టా లేదు, స్టూడియోకు పోయే డబ్బు అసలే లేదు. కూలి కుటుంబాలు చాలావాటిలో మొదటి ఫోటో 1993 తర్వాత ఓటరు గుర్తింపు కార్డు కోసం తీసిందే. వాళ్ళ వంశం ఎక్కడుంది? కొంత వంశరాజుల నోట్లో ఉంది, డక్కలివాళ్ళ నోట్లో ఉంది. ఇంటింటికీ వచ్చి వంశం చదివి కట్నం తీసుకుపోయేవాళ్ళు. వాళ్ళ పిల్లలు ఆ పని మానేశారు, మానేయాల్సిందే కూడా. కానీ మానేసేముందు ఒక్కసారి రికార్డు చేసుకుంటే బాగుండేది.

మరికొంత చర్చిల్లో ఉంది. ఫాదర్ హేయర్ 1842లో గుంటూరు వచ్చి లూథరన్ మిషన్ మొదలుపెట్టాడు. మరో మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. ధాత, ఈశ్వర కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకానికి కంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. కరువు వెళ్ళాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. బాప్తిస్మం పుస్తకం, పెళ్ళి రిజిస్టరు ఉన్నచోట మాదిగ, మాల కుటుంబాలకు పూర్వీకుల పేర్లు దొరుకుతున్నాయి. 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద నింపే రిజిస్టర్లో పెళ్ళికూతురి పేరు, ఆమె తండ్రి పేరు కూడా ఉంటాయి. అదే ఊళ్ళో అదే ఏడాది పెళ్ళయిన మోతుబరి కూతురికి ఆ మాత్రం కాగితం లేదు. క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ ఒంగోలు చుట్టుపక్కల మాదిగ పెద్దలు చెప్పిన జీవిత కథలను రాసుకుని 1899లో ‘వైల్ సూయింగ్ శాండల్స్’ పేరుతో అచ్చువేసింది. ఆమె చూపులో మిషనరీ ధోరణి ఉంది, అది చదివేవాళ్ళకు తెలుస్తూనే ఉంటుంది. కానీ ఆ కుటుంబాల సంగతులు ఆ కాలంలో అంత వివరంగా అడిగినవాళ్ళు వేరొకరు లేరు.

ఎరుకల కుటుంబాల పేర్లు పోలీసు పుస్తకాల్లో ఉన్నాయి. 1871 నాటి నేరస్థ తెగల చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి తెచ్చారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురంలో సాల్వేషన్ ఆర్మీ చేతికింద సెటిల్‌మెంటు పెట్టారు, ఆ ఊరి పేరు మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ నుంచి వచ్చింది. నేరం చేసినా చేయకపోయినా పుట్టుకతోనే పేరు, వేలిముద్ర, ఎక్కడికి పోతున్నాడు ఎప్పుడొస్తాడు అన్నీ రాశారు. ఆ చట్టం దేశమంతటా 1952లో రద్దయింది. ఆ పుస్తకాలు మిగిలి ఉన్నచోట వాటిని అందరికీ తెరవమని నేను అడగను. అవి ఆ కుటుంబాల వాళ్ళు కోరితే వాళ్ళకు మాత్రమే, వాళ్ళు కోరిన పద్ధతిలో చూపించాలి. తాత పేరు దొరికిన సంతోషం, ఆ పేరు ఏ పుస్తకంలో దొరికిందో తెలిసిన అవమానం ఒకే పేజీలో ఉంటాయి. ఆ పేజీ ఎవరు చూడాలో నిర్ణయించాల్సింది వాళ్ళే.

కలెక్టర్ గార్లూ, ఒక విచిత్రం వినండి. మద్రాసు నుంచి బయల్దేరిన ‘ట్రూరో’ ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. అప్పటినుంచి 1911 దాకా నేటాల్‌కు వెళ్ళిన 1,52,184 మంది కూలీలకు ఓడ జాబితాలున్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు. మారిషస్‌లో మోకా ఊళ్ళోని మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్ అక్కడ దిగిన కూలీల రికార్డులను, ఫోటోలతో సహా దాచి, వంశస్థులు అడిగితే వెతికి ఇస్తోంది. ఓడెక్కిన తెలుగు కూలీ మునిమనవడికి అక్కడ దొరుకుతున్న కాగితం, ఇక్కడే ఉండిపోయిన అన్న మునిమనవడికి మన తహసీల్దారు ఆఫీసులో దొరకడం లేదు. ఇది మార్చడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు.

ఇంకో తొందర కూడా ఉంది. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవులు తీసేసింది. తరతరాల పెత్తనం పోవడం మంచిదే. కానీ ఇళ్ళలో ఉన్న లెక్కల కట్టలన్నీ కచేరీకి చేరలేదని ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ ఇళ్ళు ఇప్పుడు కూల్చి అపార్టుమెంట్లు కడుతున్నారు. ఆ కట్టల్లోని గొలుసుకట్టు రాత చదవగలిగినవాళ్ళు కూడా తరిగిపోయారు. అక్షరం విడదీయకుండా, కలం ఎత్తకుండా రాసిన ఆ లెక్కలను చదివే పాత ఉద్యోగి ఒకరు మీ జిల్లాలో ఉంటే, ఆయన చేత నలుగురు కుర్రాళ్ళకు నేర్పించండి. తీరం వెంట 1977 నవంబరు తుపాను ఎన్ని పెట్టెలు ముంచిందో రేపల్లె, బాపట్ల వైపు ఇప్పటికీ చెబుతారు. అందుకు మనిషి తప్పు లేదు. మనం ఊరుకున్నందుకు పోయేవాటికి మాత్రం ఉంది.

నేను అడుగుతున్నది ఇది. డెబ్బై ఐదేళ్ళు దాటిన ఇనాం రిజిస్టర్లు, అడంగళ్ళు, డైగ్లాట్లు (రెండు భాషల్లో రాసిన సెటిల్‌మెంటు రిజిస్టర్లు), జనన మరణాల పుస్తకాలు స్కాన్ చేయించి, కేసు నంబరు అడగకుండా జిల్లా కేంద్ర గ్రంథాలయంలో చదువుకోనివ్వండి. నాలుగు జిల్లాలకూ కలిపి ఏ ఊరి పుస్తకం ఎక్కడుందో ఒక్క పట్టిక వేయించండి. నెల్లూరు, మచిలీపట్నం, చెన్నైలో ఉన్నవాటి వివరం కూడా అందులో రాయించండి. మండలానికొక గ్రంథాలయంలో ఒక స్కానరు, ఒక కుర్రాణ్ణి పెట్టి వేసవిలో ఫోటోల శిబిరం నడపండి. ఫ్రేము అద్దానికి అంటుకున్న ఫోటోను పీకకుండా స్కాన్ చేయడం, వెనక పేర్లు బాల్‌పెన్నుతో కాకుండా పెన్సిలుతో మెల్లగా రాయడం నేర్పితే చాలు. ఆ ముసలమ్మలను ఆటోలో తీసుకొచ్చే పని మాది. వాళ్ళు చెప్పింది వాళ్ళ గొంతుతోనే ఫోనులో రికార్డు చేసే పని కూడా మాదే. వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయాన్ని ఊరి కుర్రాళ్ళు 1918లో పెట్టారు, ప్రభుత్వం పెట్టలేదు. పాత పత్రికలు కావాలంటే ఇవాళ పరిశోధకులు అక్కడికే వస్తున్నారు. మా వైపు జనానికి ఇలాంటి పని కొత్త కాదు. కానీ మీ రికార్డు గది తాళం చెవి మా దగ్గర లేదు.

కృష్ణా పుష్కరాలు 2028లో వస్తున్నాయి. అమరావతి రేవులో పిండం పెట్టేటప్పుడు పురోహితుడు ముత్తాత పేరు, ముత్తవ్వ పేరు అడుగుతాడు. 2016లో చాలామంది ఫోన్లు తీసి ఊళ్ళో పెద్దవాళ్ళను అడిగారు. ఆ పెద్దవాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఈ వేసవిలో మొదలుపెట్టండి. ఫీజు ఎంతో నోటీసు బోర్డు మీద రాయండి, కడతాం. రసీదు ఇచ్చి పుస్తకం చూపించండి.

ఇట్లు,
పర్చూరు వైపు నల్లరేగడి పల్లె నుంచి
మీ జిల్లాల పౌరుడొకడు